చూరులో పాలపన్ను

ఆ ఎండాకాలం తాయిఫ్ కొండ మీద తన తోటలో మా బాబా ఒక కల్లంగడి కట్టించాడు. అందులో లేనిదల్లా కల్లే.

కల్లంగడి అన్న మాట నాది కాదు, భోజన్నది. జగిత్యాల పక్క పల్లె మనిషి, యాభైకి దగ్గరపడినవాడు, గడ్డి కప్పడానికి వచ్చిన జట్టుకు పెద్ద. వచ్చిన దినమే ఇంజనీరు చేతిలోని బొమ్మను తలకిందులుగా కూడా తిప్పి చూసి, చాయ్ తెచ్చిన నాతో అన్నాడు.

"చెల్లె, గిది ఇల్లు గాదే. ఇంగ్లీషోళ్ళ కల్లు కాంపౌండు. గీ దేశంల చుక్క దొరకదాయె. ఉత్తగ గింత పెద్ద కొట్టం ఎందుకు కట్టిస్తుండు మీ సేటు?"

"మెల్లగా అన్నా, ఇంజనీరు ఇంటాడు."

"ఇననీ. ఈజిప్టాయన. మన తెలుగు ఆయనకేం సమజైతది?"

బాబా అంటే ఇంటి యజమాని. యజమానురాలిని మామా అనాలి. ఈ దేశానికి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్ళందరం అట్లే పిలుస్తాం. కొత్తలో నాకు నోరు తిరగలేదు. మా రాయచోటి పక్క మామ అంటే మీసాలుంటాయి.

బాబా చదువుకునే వయసులో ఇంగ్లండులో ఏదో పల్లెలో ఉన్నాడంట. అతని గదికి ఎదురుగా మూడొందల ఏండ్ల నాటి గడ్డికప్పు కల్లంగడి. సాయంత్రమైతే ఊరంతా అక్కడే. "నేను మాత్రం టీ తాగేవాణ్ణి" అని అన్నం దగ్గర ఎన్నిసార్లు చెప్పేవాడో, మామా అన్నిసార్లూ ఒక కనుబొమ ఎత్తేది. ఆ అంగడి మూతపడిందని కబురు తెలిసినప్పటి నుంచి బాబాకు నిద్ర లేదు. దాన్నే, గోడ గోడా గుమ్మం గుమ్మం, తన దానిమ్మ తోటలో నిలబెట్టాలని పట్టు. జెద్దా నుంచి తాయిఫ్‌కు చల్లదనానికి వచ్చే చుట్టాలు అందులో కూర్చోవాలి. అక్కడ బీరు పోసేలాంటి ఇత్తడి పంపుల పిడి లాగితే ఇక్కడ దానిమ్మ రసం రావాలి.

నాకూ ఆ ఇల్లు లేవాలి. "ఇంగ్లీషు ఇల్లు తెరిచిన మర్నాడు నువ్వు చుట్టీ మీద మీ ఊరికి పో, మహబూబా" అని బాబా మాట ఇచ్చాడు. నా పేరు మహబూబ్బీ, వాళ్ళకు మహబూబా. వచ్చి రెండేండ్లు దాటింది. వదిలి వచ్చినప్పుడు నా బిడ్డ షమీమ్‌కు నాలుగు, ఇప్పుడు ఆరు. మా ఆయన ఖాజా రాయచోటిలో ఆటో తోల్తాడు, తోలిన దినం తోల్తాడు. బిడ్డ మా అత్త దగ్గర ఉంది. జ్వరమొచ్చిందంటే నాకు మర్నాడు చెప్తారు, తగ్గినాక. ఫోన్‌లో నవ్వుతూ కనపడినా నాకు నమ్మకం కుదరదు. నవ్వమని చెప్పి ఫోన్ ముందర నిలబెట్టారేమో అనుకుంటాను. చేతులు కనపడేలా పట్టుకోమంటాను, కాళ్ళు చూపించమంటాను. "నీకేమైనా పిచ్చా మే, బిడ్డ శుబ్బరంగా ఉండాది" అని మా అత్త తిడుతుంది. అప్పటికి ఊపిరి పీలుస్తాను.

అందుకే గడ్డికట్ట ఒక్కొక్కటి పైకెక్కుతుంటే నాకు మా ఊరు ఒక అడుగు దగ్గరికొచ్చినట్లుండేది. పని ఆగిందంటే మళ్ళీ అడుగు వెనక్కి పోయినట్లుండేది.

నేను పుట్టింది బోదకొట్టంలో. గడ్డికప్పు కింద బతికిన దాన్ని గనక, వీళ్ళ కప్పు చూస్తే వింతగా ఉండేది. మా కొట్టానికి బోద వదులుగా పరిచి తాళ్ళతో బిగిస్తారు. చేయి పెడితే మోచేతి దాకా పోతుంది. చూరు మా ఇంటికి బీరువా. కొడవలి అందులోనే, దువ్వెన అందులోనే, బీరవిత్తనాల మూట, మా జేజి తలదువ్వుకున్న వెంట్రుకల ఉండ, అన్నీ అందులోనే. ఈ ఇంగ్లీషు కప్పు అట్లా కాదు. ఓడలో వచ్చిన రెల్లు, ఒక్కో పోచ నా చూపుడువేలంత గట్టిది. దాన్ని మూరెడు మందం పేర్చి, గాడులు తీసిన చెక్కతో కింది నుంచి పైకి బాదుతారు. బాదేకొద్దీ కొనలన్నీ దువ్వినట్టు ఒక్క వరసకొస్తాయి. కిటికీల మీద కప్పు వంగి కనుబొమల్లా దిగుతుంది. వేలు కాదు గదా, సూది దూరదు.

"గిది కప్పు గాదు చెల్లె" అనేవాడు భోజన్న నిచ్చెన మీద నుంచి. "గోడను పండవెట్టినట్టున్నది."

లోపల ఇంకో తమాషా. కొత్త దూలాలు తెప్పించి, ఉలితో చెక్కి, మంటతో కమిలించి, మసి పూసి, పురుగు తిన్నట్టు మేకుతో పొడిచేవాళ్ళు. "పాత దూలం గావాల్నంటే మా ఇంటికి రమ్మను, పురుగులతోని సహా ఇస్త" అని భోజన్న నవ్వేవాడు. గుమ్మం బొమ్మలో ఉన్నంతే, పొట్టిగా పెట్టారు. మొదటిసారి లోపలికి పోతూ బాబా నుదురు ఠంగుమని కొట్టుకున్నాడు. నేను పరిగెత్తాను. బాబా నుదురు పట్టుకుని, కళ్ళలో నీళ్ళతో నవ్వుతున్నాడు. "అచ్చం అట్లే తగిలింది. అచ్చం అక్కడే" అన్నాడు.

చిమ్నీ దగ్గర పని ఆగింది.

మనిషి కూర్చునేంత పెద్ద పొయ్యి అది. దాని పక్క గోడలో ఒక గూడు ఖాళీగా వదిలారు. ఆ పాత అంగడి చిమ్నీ మరమ్మతు చేసినప్పుడు గోడలో ఒక పసిబిడ్డ చెప్పు దొరికిందంట. తొడిగి తొడిగి అరిగిన చెప్పు. దయ్యాలు పొగగొట్టం గుండా దిగకుండా వాళ్ళ పెద్దలు పెట్టేవాళ్ళంట. బాబాకు ఆ చెప్పు కూడా కావాలి. ఇంజనీరు ఫోటో చూపించి, అట్లాంటి పాతది ఇంగ్లండు నుంచి తెప్పించడానికి నెలపైనే పడుతుందన్నాడు.

మామా ఒప్పుకోలేదు. "గోడలో చెప్పు ఏమిటి? దయ్యాలను చెప్పు ఆపుతుందా? ఇది పాపం. అల్లా తప్ప కాపాడేవాడు లేడు" అంది.

"ఎవరు నమ్ముతున్నారు? ఇది నమ్మకం కాదు" అన్నాడు బాబా. "ఇది ఆర్కిటెక్చర్."

నాకు వినపడిందల్లా నెలపైనే అన్న మాట. అప్పటికి ఎండలు తగ్గుతాయి, చుట్టాలు జెద్దా వెళ్ళిపోతారు, తెరవడం వచ్చే ఏటికి పోతుంది. నా చుట్టీ కూడా.

బాబా తోటలో ఒంటరిగా ఉన్నప్పుడు పోయి చెప్పాను. "బాబా, నా దగ్గర ఒకటి ఉంది."

అది షమీమ్‌ది. తోలు చెప్పు, చిన్న బకిల్. ఉరుసులో కొన్నాం. నేను ఊరు విడిచిన తెల్లారుజామున షమీమ్ నిద్రలో ఉంది. లేచి జీపు వెంటబడుతుందేమో, వీధంతా కంపముళ్ళు అని, ఒక చెప్పు తీసి నా సంచిలో వేసుకున్నాను. ఒంటి చెప్పుతో రాదులే అనుకున్నాను. వచ్చింది. మిగిలిన ఆ ఒక్కటే తొడుక్కుని, కుంటుతూ, మలుపు దాకా వచ్చింది. రెండేండ్లు అది నా తలగడ కింద ఉంది. బొటనవేలు పడిన గుంత ఇంకా అట్లే ఉంది.

బాబా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇంజనీరు కాఫీ డికాషన్‌లో ముంచి, మసి రుద్ది, దాన్ని మూడొందల ఏండ్ల దాన్ని చేశాడు.

గూట్లో పెట్టి చుట్టూ సున్నం పూసేటప్పుడు భోజన్న పని ఆపి నా వైపు చూశాడు.

"వద్దే చెల్లె. బతికున్న పిల్ల చెప్పు గోడల వెట్టుడేంది. నాకు మంచిగనిపిస్తలేదు."

"ఊరికి పోతానే కొత్తవి కొనిస్తాలే అన్నా."

"కొనిస్తవు గని..." అని ఆగి, తాపీ చేతిలోకి తీసుకున్నాడు.

గూటికి అద్దం బిగించి లోపల చిన్న దీపం పెట్టారు. మామా అడిగితే, ఇంగ్లండు నుంచి పెట్టెలో వచ్చిన పాత వస్తువని, చూపుకే తప్ప నమ్మకానికి కాదని చెప్పి ఒప్పించాడు బాబా. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు చుట్టీ ముఖ్యం, తల దించుకున్నాను.

ఇంటి బిడ్డ పేరు జూద్. దానికీ ఆరే. తల దువ్వేది, తినిపించేది, పడుకోబెట్టేది నేనే. దాని పక్కన పడుకున్నప్పుడు చేయి దాని మీద వేసి షమీమ్ ఎంత పొడుగు అయిందో కొలుచుకునేదాన్ని.

తెరవడం ఇంకో వారం ఉందనగా దాని ముందరి పన్ను ఊగడం మొదలైంది. తిండి మానేసింది. నా చున్నీ అంచు నుంచి ఎర్రదారం పీకి, పంటికి ముడేసి, కథ చెప్తూ చెప్తూ గబుక్కున లాగాను. ఏడవాలా నవ్వాలా తెలియక జూద్ రెండూ చేసింది. ఆ పన్నును సూర్యుడి మీదికి విసరాలని, గాడిద పన్ను తీసుకుని జింక పన్ను ఇస్తాడని వాళ్ళ అవ్వ చెప్పిందంట. పరిగెత్తుకుంటూ పోయి మామాను అడిగింది.

"సూర్యుడు పళ్ళిస్తాడా? అవన్నీ అజ్ఞానపు మాటలు" అని మామా పన్నును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది. కసిరింది కూడా కాదు, ముద్దుపెట్టుకునే చెప్పింది.

జూద్ నా దగ్గరికొచ్చి వెక్కిళ్ళు. "మహబూబా, మీ ఊళ్ళో ఏం చేస్తారు?"

"మా ఊళ్ళో పన్ను ఆకాశం చూడకూడదు" అన్నాను. "పేడలో చుట్టి గడ్డికప్పు మీద వేస్తాం. గడ్డి మింగేస్తుంది. ఆకాశం చూస్తే కొత్త పన్ను రాదు."

మాట నోట్లో ఉండగానే అది మాయమైంది. వచ్చేటప్పటికి గుప్పిట్లో పన్ను, దారంతో సహా. కళ్ళు పెద్దవి చేసుకుని అంది, "మనకు గడ్డికప్పు ఉంది కదా!"

ఉంది. రెండేండ్లలో నేను చూసిన మొదటి గడ్డికప్పు. మా ఊళ్ళో ఇప్పుడు మాక్కూడా లేదు. నేను పంపిన జీతంతో మా అత్త బోదకొట్టం పీకించి స్లాబు వేయించింది.

పేడ యాడ తెచ్చేది? గోడలకు పూయడానికి వరిపొట్టు కలిపి తొక్కిన బంకమన్ను పక్కనే ఉంది. పిడికెడు తీసుకుని, పన్నును అందులో ఉండ చేశాను. దారం విప్పలేదు, ముడి తడిసి బిగుసుకుపోయింది. కప్పు మీద వేస్తే జారి పడుతుంది. వేలు దూరని కప్పు గదా. అందుకని వెనక గుమ్మం దగ్గర, గోడా రెల్లూ కలిసే చోట, గరిటె కాడతో సందు చేసి లోపలికి కుక్కాను. జూద్ చప్పట్లు కొట్టింది. నేను దాని నోటి మీద వేలు పెట్టి నవ్వాను.

షమీమ్‌కూ ఈపాటికి పళ్ళు ఊగుతుంటాయి అనుకున్నాను. ఎవరు లాగుతారో, యాడ పారేస్తారో.

తాయిఫ్‌లో ఎండాకాలం వాన మధ్యాహ్నం దాటినాక వస్తుంది, చెప్పి రాదు. తెరవడానికి రెండు దినాల ముందర మామా తన అక్కచెల్లెళ్ళను తీసుకొచ్చి ఇల్లంతా చూపించింది. పొట్టి గుమ్మం చూసి నవ్వారు, పంపుల పిడి లాగి దానిమ్మ రసం తాగారు. అద్దం వెనక చెప్పు దగ్గర వంగి, "పాపం, ఎంత చిన్న పాదం" అంది పెద్దక్క. నేను పళ్ళెం పట్టుకుని వెనకే ఉన్నాను. బర్షూమి పండ్లు ముళ్ళు తీసి కోశాను. మా పక్క నాగజెముడు కంపకు కాసేవే అవి, మేకలు కూడా వాటి జోలికి పోవు.

వెనక గుమ్మం దాటి బయటికొచ్చేసరికి ఉరుము. కుండపోత. అందరూ చూరు కిందికి చేరి గోడకు ఆనుకున్నారు. ముందర నీళ్ళు తెరలా పడుతున్నాయి, లోపల ఒక్క చుక్క లేదు. భోజన్న నిచ్చెన దిగి ఒక మూల నిలబడ్డాడు. బాబా పిలిచి భుజం తట్టాడు. "చూశారా, ఒక్క చుక్క!" అన్నాడు అందరికీ వినపడేలా.

వాన తగ్గింది. చూరు అంచున బొట్లు బొట్లుగా కారుతోంది. గోడ మీద బురదచార ఒకటి దిగింది, సున్నం మీద ఎర్రగా. మామా చెల్లెలు చున్నీ కొనతో తుడవబోయి తల పైకెత్తింది.

ఎర్రదారం వేలాడుతోంది. దాని కొనన పన్ను. వాన బాగా కడిగింది. తెల్లగా మెరుస్తూ, గాలికి మెల్లగా తిరుగుతోంది.

భోజన్న ముందుకొచ్చి, వచ్చీరాని అరబ్బీలో, "తాడు, తాడు... గడ్డితోని వచ్చింది" అంటూ చేయి చాచాడు. అతను దాన్ని గుప్పిట్లోకి తీసుకుని పారేస్తే బాగుండునని నేను అతని చేతినే చూస్తున్నాను.

"నా పన్ను!" అని జూద్ ఎగిరింది. "మహబూబా, నా పన్ను బయటికొచ్చేసింది! ఇప్పుడు ఆకాశం చూసింది, ఎట్లా?"

మామా నా వైపు చూడలేదు. దారాన్ని చూసింది. ముడిని చూసింది. ఆరేళ్ళ బిడ్డను చంకనెత్తుకుని, మొహం తన భుజంలో దాచి, ఇంట్లోకి నడిచింది. పరిగెత్తలేదు, నడిచింది.

చేతబడికి ముడులు వేసి ఊదేవాళ్ళ కీడు నుంచి కాపాడమని పడుకునేముందు చదివే దువా నాకూ వచ్చు. మా జేజి నేర్పింది. ప్రతి రాత్రీ షమీమ్ పేరు తలచుకుని గోడకేసి తిరిగి చదివేదాన్ని. ఆ ముడీ ఈ ముడీ ఒకటని నాకు ఒక్క పూటన్నా తట్టలేదు.

ఫోన్ తీసుకున్నారు. నా గదిలో పరుపు చించారు. తలనూనె సీసా ఒంపేశారు. మెడలో నల్లదారానికి దర్గా తాయెత్తు ఉంది, నేను బయల్దేరేటప్పుడు మా అమ్మ కట్టింది. మామా చెల్లెలు కత్తెర తెచ్చి దాన్ని కత్తిరించింది. లోహం చల్లగా తగిలింది. నేను చేతులు కిందికే పెట్టుకున్నాను.

"అది జూద్‌కు మంచి జరగాలని పెట్టాను మామా. మా ఊళ్ళో బిడ్డలందరికీ చేస్తాం."

"మంచి జరగాలని దాచిపెడతారా?" అంది మామా. "నాకు చెప్పకుండా? ముడి వేసి?"

నాకొచ్చిన అరబ్బీలో మా ఊరి ఆచారం ఇమడలేదు.

వంటింటి బల్ల మీద గిన్నెలో ఖురాన్ చదివి ఊదిన నీళ్ళు పెట్టి, సూదితో మామా ఆ ముడి విప్పడానికి కూర్చుంది. చేతబడి ముడి తెంచకూడదంట, విప్పాలంట. తడిసి ఆరిన నూలు ముడి, సూది కొనకు దొరకడం లేదు. పెదాలు ఆగకుండా చదువుతున్నాయి. సూది రెండుసార్లు వేలికి దిగింది. పక్క గదిలో కీడు పోవాలని రేగాకు కాచి చల్లార్చిన నీళ్ళతో స్నానం చేయిస్తుంటే జూద్ చల్లగా ఉందని ఏడుస్తోంది. ఆ ఏడుపు విన్నప్పుడల్లా మామా తల తిప్పి, మళ్ళీ ముడి మీదికి వంగేది.

"నేను విప్పనా మామా, నేను వేసిందే" అన్నాను.

"ముట్టుకోవద్దు!"

కేక కాదు అది. పాము కనపడినప్పుడు గొంతులో నుంచి వచ్చే మాట. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ భయం నాకు తెలుసు. ఫోన్‌లో బిడ్డ కాళ్ళు చూపించమని అడిగేటప్పుడు నా గొంతు కూడా అట్లే ఉంటుంది.

మర్నాడు బాబా నన్ను ఇంగ్లీషు ఇంట్లోకి పిలిచాడు. పొయ్యి పక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను నిలబడ్డాను.

"పోలీసుల దగ్గరికి పంపను" అన్నాడు. "నేను ఇవన్నీ నమ్మను. కానీ ఆమె తల్లి."

"నన్ను ఇంటికి పంపించు బాబా. రేపే పోతాను. జీతం కూడా అడగను."

"మీ మామా అదే వద్దంటోంది. కోపంతో మీ దేశం పోయి, అక్కడ నుంచి బిడ్డకు ఏమైనా చేయిస్తావని. ఈ దేశంలో, మన వాళ్ళ కళ్ళ ముందర ఉంటే ఆమెకు నిద్ర పడుతుంది." తర్వాత గొంతు తేలిక చేసుకుని అన్నాడు, "బురైదాలో మా పిన్ని ఉంది. మంచం మీద మనిషి. చూసుకునేవాళ్ళు కావాలి. నీ వీసా కాగితం ఆమె పేరుకు ఫోన్‌లోనే మార్చేశాను. రెండేండ్లు. మంచివాళ్ళు."

రెండేండ్లు అన్న మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. నా కళ్ళు అతని భుజం పక్కన వెలుగుతున్న అద్దం మీద ఉన్నాయి.

"అయితే నా బిడ్డ చెప్పు ఇచ్చేయండి బాబా."

అతను వెనక్కి తిరిగి చూశాడు, అక్కడ అది ఉన్నట్టు అప్పుడే గుర్తొచ్చినట్టు.

"అది నీదని తెలిస్తే మీ మామా ఈ ఇల్లే కాల్పిస్తుంది" అన్నాడు మెల్లగా. "నిన్ను కూడా అప్పుడు నేను కాపాడలేను. రేపు నలభై మంది వస్తున్నారు. అది ఇంగ్లండు నుంచి వచ్చింది. సరేనా మహబూబా? అది ఇంగ్లండు నుంచి వచ్చింది."

లేచి పోతూ గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

కారు ఎక్కేటప్పుడు జూద్‌ను చూడనివ్వలేదు. గేటు దగ్గర భోజన్న గడ్డి దుమ్ము దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. డ్రైవరు నా సంచి డిక్కీలో పెట్టేదాకా ఆగి, దగ్గరికొచ్చాడు. ఏమైనా ఓదార్పు చెప్తాడేమో అనుకున్నాను.

"పేడల వెడ్తే నిలుస్తుండె చెల్లె" అన్నాడు. "మట్టి ఎన్నటికైనా కరుగుతది."

"పేడ యాడుండాది అన్నా ఈ కొండ మీద?"

"గదే మరి" అని తల ఊపాడు. "నా నంబరు ఉన్నది గదా. ఫోన్ ఇస్తె జెయ్యి."

బురైదాలో ఫోన్ ఇచ్చారు. మంచివాళ్ళే. ముసలమ్మకు ఒక్క పన్ను లేదు. ఖర్జూరాలు నీళ్ళలో నానబెట్టి, గింజ తీసి, వేళ్ళతో మెదిపి పెట్టాలి. తోటల్లో గెలలు కోస్తున్న కాలం, వీధంతా తీపి వాసన, ఈగలు. మొదటి దినం ఆమె నా చేయి పట్టుకుని, నీకు పిల్లలున్నారా అంది. ఒక బిడ్డ అన్నాను. అల్లా కాపాడుగాక అంది. రోజూ అదే అడుగుతుంది, రోజూ కొత్తగా.

వారానికి భోజన్న వీడియో పంపాడు. తెరిచిన సాయంత్రానిది. కప్పు మీద దీపాలు, కనుబొమల కింద కిటికీల్లో పసుపు వెలుతురు, నిజంగానే అందంగా ఉంది. లోపల జనం. పొయ్యి పక్కన వరసలో నిలబడి అద్దం వెనక చెప్పుకు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకామె తన పాపను ఎత్తి చూపిస్తోంది. బాబా చేయి ఊపుతూ కథ చెప్తున్నాడు. వెనక భోజన్న గొంతు, "సూడు చెల్లె, ఎంతమందో" అని, తర్వాత ఏదో అనబోయి ఆపేశాడు.

ఆ వీడియో నేను ఇంటికి పంపలేదు.

శుక్రవారం షమీమ్ ఫోన్ చేసింది. మా అత్త ఫోన్ దానికిచ్చి వంట దగ్గరికి పోయినట్టుంది. ఫోన్ ఊగుతోంది, ఒకసారి ఆకాశం, ఒకసారి సిమెంటు. ఎండలో కళ్ళు చిట్లించుకున్న నా బిడ్డ మొహం. నోరు తెరిచి చూపించింది. ముందర పన్ను లేదు.

"యాడున్నావు మే? ఎండ కదా?"

"మిద్దె మీద మా. పన్ను ఊడింది. జేజి పేడలో పెట్టి పైకి ఏసింది. స్లాబు గదా, పేడ ఎండి పగిలిపోయింది. పన్ను బయటికొచ్చింది. ఊరంతా అడిగినా, ఎవురికీ బోదకొట్టం లేదంట."

"చూసిందా ఆకాశం?"

"రొంత సేపే మా. బిన్నా ఉరికి గ్లాసు తెచ్చి బోర్లించినా." ఫోన్ కిందికి తిప్పింది. వేడెక్కిన స్లాబు మధ్యలో స్టీలు గ్లాసు, తలకిందులుగా, ఎండకు తళతళలాడుతోంది. పక్కనే షమీమ్ పాదాలు. పెద్దవయ్యాయి. ఒట్టి కాళ్ళు. "కాకి గ్లాసును తోసేస్తుందని ఈడే కూర్చున్నా. ఎన్ని దినాలు కూర్చోవాల మా?"

"కొత్త పన్ను వచ్చేదాకా నాయనా" అన్నాను.

"నువ్వొచ్చేలోపల వస్తుందా?" అని అడుగుతుందేమోనని తెర మీదికి వంగాను. ముసలమ్మ లోపలి నుంచి పిలుస్తోంది. షమీమ్ అడగలేదు. కాళ్ళు కాలుతున్నట్టున్నాయి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, గ్లాసు కేసి తిరిగి కూర్చుంది.